పెళ్లికూతురి తల్లికి మిగిలే పది నిమిషాలు

మా భవానీపురంలో పెళ్లి మేకప్‌లకు వెళ్లే ఆడవాళ్లను ఎవరినైనా అడగండి. పెళ్లికూతురికి రెండు మూడు గంటలు పడుతుందంటారు. ఆమె తల్లికి మిగిలేది పది నిమిషాలు. పూలజడ కట్టడం పూర్తయ్యాక, బయట మేళం మొదలయ్యాక, "నాకెందుకులే అమ్మా ఈ వయసులో, కాస్త పౌడరద్దు చాలు" అంటూ వచ్చి కూర్చుంటుంది. ఆ మాట మొహమాటంతో అన్నదని నాకు తెలుసు. కన్యాదానం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ప్రతి ఫొటోలో ఆమె ఉంటుంది. ఆ ఫొటోలు ఆమె బతికున్నంత కాలం ఇంట్లో ఉంటాయి.

తొందరలో చాలామంది చేసే పని, కూతురికి వాడిన ఫౌండేషన్‌నే అదే స్పాంజితో, అంతే మందంగా తల్లికీ పూసేయడం. గంట తిరిగేసరికి అది కళ్ల కింద గీతల్లో పేరుకుంటుంది. నవ్వితే నోటి పక్క ముడతలు తెల్లగా తేలతాయి. ఉన్న వయసు మీద ఇంకో పదేళ్లు కనిపిస్తాయి.

నెలసరి ఆగిపోయాక చర్మంలో నూనె తగ్గుతుంది. కొల్లాజెన్ తగ్గి చర్మం పలచబడుతుంది. ఎండిన చేను కాలవ నీటిని పీల్చేసుకుని ఒండ్రును పైన వదిలినట్టు, పొడిబారిన ముఖం ఫౌండేషన్‌లోని తడిని లాగేసుకుని రంగును పైన వదిలేస్తుంది. ముఖం కదిలినప్పుడల్లా ఆ రంగు గీతల్లోకి జారుతుంది. దాన్ని సరిచేద్దామని మళ్లీ పౌడరు అద్దితే ఇంకా పాడవుతుంది.

అందుకే నేను మొదట రంగు జోలికి వెళ్లను. ముఖం కడిగించి, చెమ్మ ఆరకముందే మాయిశ్చరైజర్ రాసి, పది నిమిషాలు వదిలేస్తాను. ఈలోగా ఆమె చీర కట్టుకోవచ్చు, వియ్యాలవారికి కాఫీలు అందాయో లేదో కనుక్కోవచ్చు. తిరిగి వచ్చాక జిడ్డు మిగిలి ఉంటే టిష్యూతో ఒత్తి తీస్తాను.

తర్వాత మంగు. మన ఆడవాళ్లలో ఈ వయసుకు చాలామందికి బుగ్గల మీద అది ఉంటుంది. దాని మీద నేరుగా ఫౌండేషన్ వేస్తే బూడిద రంగుకు తిరుగుతుంది. ముందు నారింజ ఛాయ ఉన్న కరెక్టర్‌ను ఆ మచ్చ మేరకే పలచగా అద్దాలి. ఆపైన ముఖం మొత్తానికి శనగగింజంత ఫౌండేషన్ చాలు. తడిపి పిండిన స్పాంజితో ముక్కు పక్కనుంచి చెవుల వైపు అద్దుకుంటూ పోవాలి, రుద్దకూడదు. కళ్ల కింద, నుదుటి గీతల మీద స్పాంజికి మిగిలిన రంగే సరిపోతుంది. కళ్లజోడు ఆనే చోట అసలు వేయను, ఎలాగూ ఊడిపోతుంది. పౌడరు ముక్కు పక్కన, గడ్డం మీద మాత్రమే. ఈ వయసులో ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు వచ్చి చెమట పడుతుంది. అప్పుడు తుడవకుండా మెత్తటి గుడ్డతో ఒత్తుకోమని చెబుతాను.

స్టిక్కర్ బొట్టు సంగతి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి పెట్టుకున్నవాళ్లలో కొందరికి ఆ జిగురులోని రసాయనం వల్ల నుదుటి మధ్య తెల్లమచ్చ పడుతుంది. దాన్ని రంగుతో మూసి, మళ్లీ అక్కడే స్టిక్కరు అంటించడం మంచిది కాదు. స్టిక్కరు మానేసి చర్మం డాక్టరుకు చూపించుకోవాలి.

మందంగా, తెల్లగా పూయడం మనకు రంగస్థలం నుంచి వచ్చిన అలవాటని నేననుకుంటాను. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలోని కూచిపూడిలో పాతకాలపు భాగవతులు ముఖానికి అర్దళం పూసుకునేవారు. దివిటీల మీద గుగ్గిలం చల్లితే లేచే మంటల్లో ఆ పసుపు ఛాయ దూరాన కూర్చున్నవాళ్లకు కూడా కనిపించేది. అర్దళం ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, ఇప్పుడు దాన్ని ఎవరూ ముఖానికి తాకించకూడదు. తర్వాత పాన్‌కేక్ మేకప్ వచ్చింది. మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ టెక్నికలర్ సినిమాల కోసం తయారుచేసి, 1938లో మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టింది. కూచిపూడి కళాకారులు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా రంగం మీదికి వస్తే మగవాడన్న సంగతే జనం మరిచిపోయేవారు. ఆ మాయలో ఆహార్యానికీ పాలుంది. కానీ అది పదో వరుసలోంచి చూసే ముఖం. పెళ్లికూతురి తల్లిని మూరెడు దూరంలో నిలబడి పలకరిస్తారు. ఫోన్ కెమెరా ఇంకా దగ్గరికి వస్తుంది.

షేడ్ విషయంలో నేను రాజీపడను. "కొంచెం తెల్లగా వెయ్యమ్మా" అని ఆమె అడిగినా సరే, దవడ అంచున రాసి, బాల్కనీలోకి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూపిస్తాను. కాసేపు ఆగితే కొన్ని రంగులు ముదురుతాయి, అప్పుడు మెడతో కలిసేదే తీసుకోవాలి. పెళ్లికూతుర్ని చేసే రోజున తల్లికీ పసుపు రాస్తారు. ఆ ఛాయ చర్మం మీద ఉండగా షేడ్ ఎంచితే తప్పుతుంది, వారం ముందే ఎంచుకోవాలి.

పెళ్లి కుదుర్చుకున్న ఇళ్లవాళ్లకు నా మనవి ఒకటే. మేకప్‌కి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే తల్లికి ముప్పావు గంట విడిగా రాయించండి. ఆ సమయం కూతురి పూలజడ మొదలుకాకముందే ఉండేలా చూడండి.