ఆకాశరామన్నా, హాంకాంగ్ కుర్రాడూ

తెలుగులో ఆకాశరామన్నకు మంచి పేరు లేదు. పేరు పెట్టకుండా ఉత్తరం రాసేవాడు పిరికివాడనీ, కిట్టనివాళ్ల మీద బురద చల్లడానికే చాటున నక్కాడనీ మనకొక స్థిరాభిప్రాయం. అలాంటి ఫిర్యాదుల మీద చర్య అక్కర్లేదని కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఆఫీసులకు చెప్పి కూడా పాతికేళ్లు దాటింది. 1971 మార్చిలో వాషింగ్టన్ పోస్ట్ విలేఖరి బెట్టీ మెడ్స్‌గర్ చేతికి వచ్చిన కవరు అచ్చంగా ఆకాశరామన్న ఉత్తరమే. పంపినవారి చిరునామా చోట ‘లిబర్టీ పబ్లికేషన్స్, మీడియా, పెన్సిల్వేనియా’ అని ఉంది. ఈ మీడియా పత్రికలూ టీవీలూ కాదు, ఫిలడెల్ఫియా పక్కనున్న ఓ చిన్న ఊరు. లోపల ఆ ఊరి ఎఫ్‌బీఐ ఆఫీసులోంచి దొంగిలించిన కాగితాల నకళ్లు, ‘ఎఫ్‌బీఐపై విచారణకు పౌర సంఘం’ అని తమను తాము పిలుచుకున్నవాళ్ల లేఖ. ఒక కాగితంలో ఏజెంట్లకు సలహా: ప్రభుత్వాన్ని వ్యతిరేకించేవాళ్లను తరచూ కలిసి ప్రశ్నలడగండి, ప్రతి తపాలా పెట్టె వెనకా మనవాడొకడు ఉన్నాడని వాళ్లు బెదిరిపోవాలి.

నలభై రెండేళ్ల తర్వాత, 2013 జూన్ మొదటి వారంలో, హాంకాంగ్‌లోని మీరా హోటల్లో మరో జర్నలిస్టు తన ఆకాశరామన్నను ఎదురుగా చూశాడు. ఆనవాలుగా చేతిలో రూబిక్స్ క్యూబ్ ఉంటుందని ముందే కబురు. ఉద్యోగంలో తల నెరిసిన పెద్దమనిషి ఎవరో వస్తాడనుకున్న గ్లెన్ గ్రీన్‌వాల్డ్ ముందు జీన్స్, టీషర్టు వేసుకున్న 29 ఏళ్ల బక్కపల్చటి కుర్రాడు నిలబడ్డాడు. ఆ నెల 5న వెరిజాన్ ఫోన్ రికార్డుల సంగతి గార్డియన్‌లో వచ్చింది. మర్నాడు ప్రిజమ్ అనే నిఘా కార్యక్రమం సంగతి. 9న ఆ కుర్రాడు లారా పోయిట్రస్ తీసిన వీడియోలో తన పేరు ఎడ్వర్డ్ స్నోడెన్ అని ప్రపంచానికి చెప్పేశాడు. కాగితాలు తమంతట తాము మాట్లాడింది నాలుగు రోజులు. మీడియా ఊరి దొంగల పేర్లు బయటికి రావడానికి దాదాపు 43 ఏళ్లు పట్టింది.

ఆ పేర్లు బయటపెట్టిన మెడ్స్‌గర్ పుస్తకం ‘ది బర్గ్లరీ’ 2014 జనవరిలో వచ్చింది. గ్రీన్‌వాల్డ్ పుస్తకం ‘నో ప్లేస్ టు హైడ్’ అదే ఏడాది మేలో. రెండూ దేశపు నిఘా గుట్టు విప్పిన కాగితాలు అందుకున్న విలేఖరులు రాసినవే. పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే నన్ను వదలని ప్రశ్న ఒకటే. ముఖం కనిపించినవాణ్ని ఆడిపోసుకోవడం సులువు. మరి ముఖమే లేనివాణ్ని ఏమని ఆడిపోసుకుంటారు?

మెడ్స్‌గర్ పుస్తకంలో దొంగతనం జరిగిన రాత్రి అపరాధ పరిశోధన నవలను మించిపోతుంది. 1971 మార్చి 8. మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ల మధ్య బాక్సింగ్ పోటీ. ఊరూవాడా రేడియోకు అతుక్కుపోతుందని కావాలనే ఆ రాత్రిని ఎంచుకున్నారు. బృందం మొత్తం ఎనిమిది మంది. పెద్దతల హేవర్‌ఫర్డ్ కాలేజీ ఫిజిక్స్ ప్రొఫెసర్ విలియం డేవిడాన్. జాన్ రెయిన్స్ టెంపుల్ యూనివర్సిటీలో మతశాస్త్రం చెప్పే పంతులు. ఆయన భార్య బానీ అంతకు కొన్ని రోజుల ముందే కాలేజీ విద్యార్థిని వేషంలో మీడియా ఊరి ఎఫ్‌బీఐ ఆఫీసుకు వెళ్లింది. ఎఫ్‌బీఐలో ఆడవాళ్లకు ఉద్యోగావకాశాలెలా ఉన్నాయో తెలుసుకోవాలని చెప్పి ఏజెంటుతో మాటలు కలిపింది. కూర్చున్నంతసేపూ చేతి తొడుగులు తీయలేదు. మాట్లాడుతూనే అలారం ఉందా, బీరువాలకు తాళాలున్నాయా అని గది నలుమూలలా చూసుకుంది. తీరా ఆ రాత్రి అసలు తలుపుకు అనుకోని రెండో తాళం ఎదురైతే, తాళాలు తీయడం నేర్చుకుని వచ్చిన కీత్ ఫోర్సిత్ పక్క తలుపు దగ్గరికి వెళ్లాడు. దాని వెనక అడ్డంగా ఫైళ్ల బీరువా ఉంది. కారు జాకీ కడ్డీతో దాన్ని అంగుళం అంగుళం జరిపాడు. ఉన్న ఫైళ్లన్నీ సూట్‌కేసుల్లో సర్దుకుని పోయారు.

ఇక గగ్గోలు. అటార్నీ జనరల్ జాన్ మిచెల్ ఆ కాగితాలు వేయవద్దని పోస్ట్‌ను అడిగాడు. మార్చి 24న పోస్ట్ వేసేసింది. పెంటగాన్ పేపర్స్ పేలడానికి ఇంకా మూడు నెలలు ఉంది. అవే నకళ్లు అందుకున్న ఇద్దరు చట్టసభ సభ్యులు మాత్రం వాటిని బుద్ధిగా ఎఫ్‌బీఐకి తిరిగి అప్పజెప్పారు. ఎఫ్‌బీఐ డైరెక్టర్ హూవర్ రెండు వందల మంది ఏజెంట్లను దింపాడు. వాళ్లకు దొరికిందల్లా ఆఫీసుకొచ్చిన ఆ అమ్మాయి బొమ్మ ఒకటి, అది కూడా జ్ఞాపకం మీద గీయించింది. దొంగలు కమ్యూనిస్టులా, పిచ్చివాళ్లా, భార్యను వదిలేసినవాళ్లా, పన్ను ఎగ్గొట్టినవాళ్లా అని రాయడానికి మనుషులంటూ ఉంటే కదా! కొరుక్కు తినడానికి ముఖం లేకపోయేసరికి పత్రికలకు కాగితాలే మిగిలాయి. కాలేజీల్లో నల్లజాతి విద్యార్థి సంఘాల మీద కన్నేసి ఉంచమన్న ఆదేశం, స్వార్త్‌మోర్ కాలేజీ ఉద్యోగుల్లోనే ఉన్న వేగులు, ఇవీ జనం మాట్లాడుకున్నవి.

2013లో జరిగింది చూడండి. స్నోడెన్ పేరు చెప్పిన మర్నాటికే న్యూయార్క్ టైమ్స్‌లో డేవిడ్ బ్రూక్స్ కాలమ్ తయారు. హైస్కూలు చదువు పూర్తి చేయలేదు, ఇరుగుపొరుగుతో కలివిడిగా లేడు, ఏళ్ల తరబడి తల్లి ఇంటికి సరిగా రాకపోకలు లేవు, ఇదీ అందులో సరుకు. కోట్లమంది ఫోన్ రికార్డులు రోజూ ప్రభుత్వానికి చేరుతున్నాయన్న విషయానికీ, కొడుకు తల్లిని ఎన్నిసార్లు చూడబోయాడన్నదానికీ ఏమిటి సంబంధం? పెళ్లిచూపుల్లో అబ్బాయి గురించి వాకబు చేసే మేనమామ అడిగే ప్రశ్నలివి. అదే రోజు న్యూయార్కర్‌లో జెఫ్రీ టూబిన్ ఇతణ్ని తన గొప్ప తానే చూసుకుని మురిసిపోయేవాడిగా తేల్చి, ఉండాల్సింది జైల్లోనని తీర్పు కూడా ఇచ్చేశాడు. అప్పటికి అభియోగమైనా నమోదు కాలేదు.

తర్వాత వంతు గ్రీన్‌వాల్డ్‌ది. జూన్ 23న ఎన్‌బీసీ ‘మీట్ ది ప్రెస్’లో డేవిడ్ గ్రెగరీ, మీ మీద మాత్రం కేసు ఎందుకు పెట్టకూడదని మొహం మీదే అడిగాడు. మర్నాడు ఆండ్రూ రాస్ సోర్కిన్ స్నోడెన్‌నే కాదు, దాదాపుగా గ్రీన్‌వాల్డ్‌ను కూడా అరెస్టు చేస్తానన్నట్టు టీవీలో మాట్లాడి, ఆపైన క్షమాపణ చెప్పుకున్నాడు. న్యూయార్క్ డైలీ న్యూస్ గ్రీన్‌వాల్డ్ పాత వ్యాపార లావాదేవీలు, పన్ను బకాయిలు తవ్వి తీసింది. న్యూయార్క్ టైమ్స్ శీర్షికలో అతను ‘బ్లాగర్’ అయ్యాడు. ఈ చివరిది చిన్న మాటలా కనిపిస్తుంది గానీ అందులో చట్టం దాగుంది. జర్నలిస్టుకున్న రక్షణ బ్లాగర్‌కు ఉండకపోవచ్చు. కులం పేరు మార్చి పంక్తిలోంచి లేపేయడం లాంటిది ఇది.

గ్రీన్‌వాల్డ్ తన పుస్తకం చివరి అధ్యాయమంతా ఈ లెక్క తేల్చడానికే వాడుకున్నాడు. అతను ఒకప్పుడు వృత్తిరీత్యా లాయరు, ఆ సంగతి పేజీ పేజీకీ తెలుస్తూనే ఉంటుంది. ఎవరు ఏ రోజు ఏమన్నారో సాక్ష్యాలతో బోనెక్కిస్తాడు. చెప్పిందాంట్లో చాలావరకు నిజమే. అయినా చదివేకొద్దీ నాకు విసుగొచ్చింది. హాంకాంగ్ గదిలో ఊపిరి బిగబట్టి చదివించినవాడు చివర్లో వీధి పంచాయతీ పెట్టాడు. తనను అన్న ప్రతి మాటకూ తిరిగి అంటే, చూసేవాళ్లకు దెబ్బలాటే గుర్తుంటుంది, కాగితం గుర్తుండదు. అవతలివాళ్లకు కావలసిందీ అదే. న్యూయార్క్ టైమ్స్ పుస్తక సమీక్షలో మైకేల్ కిన్స్‌లీ ఆ ఉచ్చును చక్కగా వాడుకున్నాడు. రచయిత స్వభావాన్ని ఎద్దేవా చేస్తూ మొదలెట్టి, ప్రభుత్వ రహస్యాలు అచ్చువేయాలా వద్దా అన్నది చివరికి ప్రభుత్వమే తేల్చాలన్న దగ్గర తేలాడు. ఆ సమీక్ష తీరును అదే పత్రిక పబ్లిక్ ఎడిటర్ మార్గరెట్ సలివన్ తప్పుపట్టింది.

రెండు పుస్తకాలూ నిజంగా కలిసే చోటు ఇంకొకటుంది.

మీడియా ఊరి కాగితాల్లో ఒక చిన్న చీటీ మీద ‘కోయింటెల్‌ప్రో’ అన్న మాట ఉంది. అదేమిటో ఎవరికీ తెలీదు. ఎన్‌బీసీ విలేఖరి కార్ల్ స్టెర్న్ సమాచార హక్కు చట్టం కింద కోర్టుకెక్కి, అది అసమ్మతివాదుల మీద ఎఫ్‌బీఐ నడిపిన రహస్య కార్యక్రమమని రాబట్టాడు. 1975లో సెనేట్ చర్చ్ కమిటీ మిగతాదంతా తోడింది. అప్పుడు బయటపడ్డవాటిలో ఒకటి 1964 నవంబరులో మార్టిన్ లూథర్ కింగ్‌కు వెళ్లిన పొట్లం. హోటల్ గదుల్లో దొంగచాటుగా రికార్డు చేసిన టేపు, దాంతో ఒక ఉత్తరం. సంతకం లేదు. రాసినవాడు తానూ నల్లజాతివాణ్నే అని నటించాడు. నీ బండారం బయటపడకముందే నీకు మిగిలింది ఒకటే దారి అని చెప్పి, ఆత్మహత్య చేసుకొమ్మని చెప్పకనే చెప్పాడు. రాయించింది ఎఫ్‌బీఐలో హూవర్ కింద పనిచేసిన విలియం సలివన్. ఆకాశరామన్న ఉత్తరం ప్రభుత్వ ఖర్చుతో! చరిత్రకారిణి బెవర్లీ గేజ్‌కు దొరికిన దాని పూర్తి ప్రతి అచ్చయింది కూడా 2014 నవంబరులోనే.

ఇటు స్నోడెన్ కాగితాల్లో 2012 అక్టోబరు నాటి అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ పత్రం ఒకటుంది. తీవ్ర భావాలు ప్రచారం చేస్తున్నారని తాము అనుకున్న ఆరుగురు ముస్లింలు ఇంటర్నెట్‌లో చూసే అశ్లీల విషయాలను సేకరించి, వాళ్ల పరువు తీయడానికి వాటినెలా వాడుకోవచ్చో అందులో రాశారు. ఆ ఆరుగురిలో ఎవరి మీదా ఉగ్రవాద కుట్ర ఆరోపణ లేదు. బ్రిటన్ గూఢచారి సంస్థ జీసీహెచ్‌క్యూలో ఒక విభాగానికి ఇంటర్నెట్‌లో మనుషుల పేరు చెడగొట్టే పద్ధతుల మీద స్లైడ్లతో పాఠాలే ఉన్నాయి.

వింటున్నదెవరన్నదే గుట్టని మనం అనుకుంటాం. విన్నది దేనికన్నది అంతకంటే పెద్ద గుట్టు. అటు కింగ్ పొట్లం, ఇటు ఆ ఆరుగురి పత్రం. యాభై ఏళ్ల ఎడంలో రెండూ చెబుతున్నది పోగేసిన సమాచారం చివరికి మనిషి ముఖానికి పూసే మసి అవుతుందని. తేడా ఒకటుంది. 1964లో టేపు తీసి, ఉత్తరం రాయించి, తపాలాలో వేయించడానికి ఎఫ్‌బీఐ శ్రమపడింది. 2013లో ప్రభుత్వానికి ఆ శ్రమ తప్పింది. సాటి జర్నలిస్టులే కాలమ్ రాశారు, స్టూడియోలో ప్రశ్న అడిగారు, పన్ను రికార్డులు తిరగేశారు. వీళ్లంతా అమ్ముడుపోయారని నేననను, అలా అనడం కూడా అదే జాతి బురద. దగ్గరివాళ్ల మీద కోపం, తమకు దక్కని వార్త మీద ఉక్రోషం, అధికారంతో రోజూ కలిసి తిరగడం వల్ల వచ్చే అలవాటు, ఇవి చాలు. 1964కూ 2013కూ మధ్య పెంటగాన్ పేపర్స్ లీక్ చేసిన డేనియల్ ఎల్స్‌బర్గ్ ఉన్నాడు. అతను లీక్ చేసింది యుద్ధ చరిత్ర కాబట్టి ఇక్కడ పొడుగ్గా రాయను. అతని మానసిక వైద్యుడి ఆఫీసులో నిక్సన్ మనుషులు 1971 సెప్టెంబరులో దొంగతనానికి దూరింది కూడా మసి కోసమే.

గ్రీన్‌వాల్డ్ వైపు నిలబడేవాణ్నే అయినా ఒకచోట మెడ్స్‌గర్ దొంగల్దే పైచేయి అంటాను. వాళ్లు రాత్రింబవళ్లు కూర్చుని ఫైళ్లు చదివి, మామూలు నేరాల దర్యాప్తు కాగితాలను పక్కనపెట్టి, రాజకీయ నిఘావి మాత్రమే పంపారు. స్నోడెన్ దగ్గరున్న గుట్ట అలా చేత్తో ఏరేది కాదు. ఏది వేయాలో నిర్ణయించే బరువు జర్నలిస్టుల నెత్తిన పెట్టాడు. విదేశాల మీద చేసే మామూలు గూఢచర్యం వివరాలు కూడా అచ్చులో రావాలా అని అడిగినవాళ్లున్నారు. అది న్యాయమైన ప్రశ్న, తిట్టు కాదు. గ్రీన్‌వాల్డ్ దాన్ని కూడా తిట్ల ఖాతాలోనే వేసి జవాబు చెప్పాడు.

మెడ్స్‌గర్‌కు తన చిక్కు ఉంది. అయిదు వందల పేజీలు దాటిన పుస్తకంలో ఆమె దొంగలందరూ ఉత్తములే. ముగ్గురు పసిపిల్లలున్న రెయిన్స్ దంపతులు పట్టుబడితే పిల్లలెవరి దగ్గర పెరగాలో ముందే మాట్లాడుకుని వెళ్లారన్న చోట గుండె పట్టుకుంటుంది. కానీ నలభై ఏళ్లు గడిచాక, నేరానికి కాలదోషం పట్టాక, హూవర్ పోయాక ఉత్తములుగా కనబడటం తేలికే. ఎనిమిది మందిలో ఐదుగురు సొంత పేర్లతో ముందుకొస్తే 2014లో పత్రికలు వాళ్లను ముద్దు చేశాయి. అంతకు ఏడు నెలల ముందు వీళ్ల తోబుట్టువు లాంటివాణ్ని చీల్చి చెండాడినవాటిలో కొన్ని కూడా. డేవిడాన్ ఆ ముచ్చట చూడకుండానే అంతకు రెండు నెలల ముందు చనిపోయాడు.

ముఖం చూపించిన ఖరీదును గ్రీన్‌వాల్డ్ ఇల్లు చెల్లించింది. 2013 ఆగస్టు 18న అతని జీవిత భాగస్వామి డేవిడ్ మిరాండాను లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఉగ్రవాద చట్టం కింద దాదాపు తొమ్మిది గంటలు కూర్చోబెట్టి ప్రశ్నించారు, చేతిలోని పరికరాలు లాక్కున్నారు. మెడ్స్‌గర్‌ను ఆ రోజుల్లో ఎవరు ఎంత నిలదీసినా ఉపయోగం ఉండేది కాదు. పంపిందెవరో ఆమెకే తెలియదు. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి ఫిలడెల్ఫియా వెళ్లినప్పుడు, తనకు పాత పరిచయమున్న రెయిన్స్ దంపతుల ఇంట్లో భోజనానికి కూర్చుంది. ఇంతలో వాళ్ల చిన్నమ్మాయి గదిలోకి వచ్చింది. జాన్ కూతుర్ని దగ్గరికి పిలిచి, ఎఫ్‌బీఐ గురించి జనానికి తెలియాల్సింది మీ అమ్మా నేనూ ఒకప్పుడు ఈవిడకే పంపామమ్మా అన్నాడు.