ఉల్లేఖనాల లెక్క - చదువరి బాధ్యత: కహాల్ ప్రచురణ చరిత్ర పరిశీలన

1. ప్రవేశిక

పరిశోధకుని కృషిని అంచనా వేయడానికి ఆయన రాసిన వ్యాసాలెన్ని, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉల్లేఖించారు అన్న రెండు లెక్కలు నేడు ప్రధాన ప్రమాణాలయ్యాయి. భౌతికశాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-సూచిక ఈ రెండింటినీ ఒకే అంకెలోకి కుదించింది. కనీసం పదేసి ఉల్లేఖనాలు పొందిన వ్యాసాలు పది ఉంటే ఆ పరిశోధకుని సూచిక పదికి తగ్గదు. ఆధునిక నాడీశాస్త్రానికి పునాది వేసిన స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రామోన్ ఇ కహాల్ (1852-1934) ప్రచురణ చరిత్ర ఆధారంగా, ఈ లెక్క దేనిని కొలుస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. అరవై ప్రతుల పత్రిక

బార్సిలోనాలో ఆచార్యునిగా ఉన్న కహాల్ 1888 మే నెలలో సొంత ఖర్చుతో ఒక పత్రికను ప్రారంభించారు. తొలి సంచిక 60 ప్రతులు మాత్రమే అచ్చయింది. భాష స్పానిష్. నాడీమండలం అంతా ఒకే అల్లిక అన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలమది. పక్షుల మెదడుపై అందులో రాసిన వ్యాసంతో, నాడీకణాలు వేటికవే విడివిడిగా ఉంటాయన్న సిద్ధాంతానికి ఆయన బీజం వేశారు. ఆయన వాడిన రంజన పద్ధతి ఇటలీకి చెందిన కమిల్లో గాల్జీది. 1873లో ఇటాలియన్ భాషలో వెలువడిన ఆ పద్ధతికి కూడా చాలాకాలం తగిన గుర్తింపు రాలేదు. సొంత పత్రిక, కొద్ది ప్రతులు, శాస్త్రలోకం అంతగా చదవని భాష: నేటి ప్రమాణాలతో చూస్తే 1888 నాటి ఆ వ్యాసం విలువ దాదాపు శూన్యం.

3. చదువరి దొరికిన తరువాత

1889 అక్టోబరులో కహాల్ తన నమూనాలతో బెర్లిన్ వెళ్లి, జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుల సభలో వాటిని సూక్ష్మదర్శిని కింద చూపించారు. ప్రసిద్ధ శాస్త్రవేత్త కోలికర్ వాటిని చూసి, స్వయంగా పరీక్షించి నిర్ధారించుకున్నారు. కహాల్ రచనల కోసం స్పానిష్ కూడా నేర్చుకున్నారంటారు. 1891లో వాల్డేయర్ ఆ కణానికి న్యూరాన్ అని పేరు పెట్టారు. 1906లో గాల్జీ, కహాల్ నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

ఈ క్రమంలో 1888 నాటి వ్యాసంలో ఒక్క అక్షరమూ మారలేదు. మారినది చదువరి. అందువల్ల ఉల్లేఖనాల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు, రచనలో సత్తువ లేదా, లేక అది చేరవలసిన చోటికి చేరలేదా అన్నది ఆ సంఖ్య చెప్పలేదు. దీనికి మరో పార్శ్వమూ ఉంది. న్యూరాన్ అన్న మాట వాడే ప్రతివారూ నేడు కహాల్‌ను ఉల్లేఖించరు. సిద్ధాంతం సర్వసమ్మతమైతే కర్త పేరు లెక్కలోంచి జారిపోతుంది.

4. తెలుగు పరిశోధనకు అన్వయం

స్థానిక ప్రాధాన్యం గల పరిశోధనను కాపాడాలని 2015 నాటి లైడెన్ ప్రకటన కోరింది. యూజీసీ 2025లో కేర్ పత్రికల జాబితాను నిలిపివేసి, పత్రికల నాణ్యతను నిర్ణయించే బాధ్యతను విద్యాసంస్థలకు వదిలింది. ఈ స్థితిలో కహాల్ ఉదాహరణను రెండు విధాలుగా దుర్వినియోగం చేసే ప్రమాదం ఉంది. డబ్బు తీసుకొని ఏదైనా అచ్చువేసే పత్రికలకు ఆయన సమర్థన కాదు. తన నమూనాలను ఎవరైనా పరీక్షించేందుకు ఆయన ముందుంచారు. సొంత భాషలో రాస్తే చాలునన్న వాదానికీ ఆయన ఆధారం కాదు. ఫ్రెంచి, జర్మన్ పత్రికలలోనూ తన ఫలితాలను ప్రకటించారు.

అంతర్జాతీయ సూచికలలో తెలుగు వ్యాసాలకు చోటు లేదన్న మన ఫిర్యాదు న్యాయమైనదే. అయితే మన వ్యాసాలను మనమెంతగా చదువుతున్నాం? పూర్వ పరిశోధనల ప్రస్తావన చాలాచోట్ల పేర్ల పట్టికగానే మిగులుతున్నది. పూర్వుల ప్రతిపాదనను పరీక్షించి ఒప్పుకోవడమో, ఖండించడమో అరుదు. గాల్జీ తన నోబెల్ ప్రసంగంలోనే న్యూరాన్ సిద్ధాంతాన్ని వ్యతిరేకించారు. ఆ వాదం నిలవలేదు. అయినా ఎదుటివారి ప్రతిపాదనతో తలపడటం కూడా దానిని గౌరవించడమే.

5. ముగింపు

ఉల్లేఖనాల సంఖ్య ఒక రచన ఎంతమందికి చేరిందో సూచిస్తుంది. అందులోని సత్యాన్ని నిర్ధారించదు. ఆ నిర్ధారణ చదివి, పరీక్షించే తోటి పరిశోధకుని పని. తెలుగు పరిశోధనకు విలువకట్టే కొలమానం బయటినుంచి రావాలని ఎదురుచూడటం కంటే, సాటి తెలుగు పరిశోధకుని వ్యాసాన్ని శ్రద్ధగా చదివి, దానితో వాదించి, ఆ వాదాన్ని నమోదు చేయడం మన చేతిలో ఉన్న పని.