దాచేది ఎనిమిదే

సీ భాషలో ఫంక్షన్ నుంచి బయటపడే మామూలు దారి ఒక్కటే: కాల్ చేసిన చోటికి తిరిగి వెళ్లడం. పది ఫంక్షన్ల లోతుకు దిగాక ఫైలు పాడైందని తేలితే, ఆ పదీ ఎర్రర్ కోడ్‌ను ఒకదాని తర్వాత ఒకటి పైకి అందించాల్సిందే. ఆ అంచెలన్నీ వదిలేసి ఒక్క దూకులో పైకి చేర్చేవి సెట్‌జంప్, లాంగ్‌జంప్: మొదటిది తిరిగి రావాల్సిన చోటును దాచిపెడుతుంది, రెండోది అక్కడికి దూకుతుంది. 1979 నాటి ఏడవ ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉన్న ఈ జంట 1989 సీ ప్రమాణంలోకీ వచ్చింది. గోటో కన్నా మొరటుదని దీన్ని తీసిపారేసేవాళ్లకు కొదవ లేదు. వాళ్లు చూసేది దూకుడునే. దూకే ముందు ఏది దాచాలో, ఏది వదిలేయవచ్చో తేల్చిన లెక్క చూస్తే ఇది ఎంత పొదుపైన పనో తెలుస్తుంది.

64-బిట్ ఇంటెల్ ప్రాసెసర్‌లో సాధారణ రిజిస్టర్లు 16. లైనక్స్ మీద వాడే మసల్ అనే సీ లైబ్రరీలో సెట్‌జంప్ దాచేది ఎనిమిది విలువలే, మొత్తం 64 బైట్లు. సెట్‌జంప్ కూడా ఒక ఫంక్షన్ కాల్ కావడమే ఇందుకు కారణం. ఏ కాల్ తర్వాతైనా ఆర్‌ఏఎక్స్, ఆర్‌సీఎక్స్ లాంటివి చెరిగిపోతాయన్న లెక్కతోనే కంపైలర్ ముందే జాగ్రత్తపడుతుంది. వాటిని మళ్లీ దాచడం దండగ. కాల్ అయిన ఫంక్షన్ భద్రంగా తిరిగి అప్పగించాల్సినవి ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12 నుంచి ఆర్15 వరకు, వెరసి ఆరు. వాటికి స్టాక్ పాయింటర్, తిరిగి వెళ్లాల్సిన చిరునామా తోడైతే ఎనిమిది. ఇందులో ముచ్చటైన సంగతొకటి ఉంది: స్టాక్ పాయింటర్‌ను ఉన్నదున్నట్టు దాచరు, దానికి 8 కలిపి దాచుతారు. సెట్‌జంప్ రిటర్న్ అయ్యాక అది ఎక్కడుంటుందో ఆ విలువన్నమాట. లాంగ్‌జంప్ ఆరు రిజిస్టర్లనూ నింపి, స్టాక్ పాయింటర్ మార్చి, ఆ చిరునామాకు దూకుతుంది. మొదటిసారి సున్నా తెచ్చిన సెట్‌జంప్ ఈసారి సున్నా కాని విలువతో తిరిగొస్తుంది. సున్నానే పంపినా అది ఒకటిగా మారుతుంది.

ఈ లెక్కను నిర్ణయించేది ఫంక్షన్ల మధ్య ఒప్పందమే. అదే ప్రాసెసర్ మీద విండోస్ ఒప్పందం వేరు: ఎక్స్‌ఎమ్‌ఎమ్6 నుంచి 15 వరకు రిజిస్టర్లను కాల్ అయిన ఫంక్షనే కాపాడాలి, కాబట్టి అక్కడ వాటినీ దాచాలి. ఒప్పందాన్ని సరిగా పట్టించుకోకపోతే ఏమవుతుందో యూనిక్స్ చరిత్రే చెబుతుంది. ఆరవ ఎడిషన్‌లో ఒక ప్రాసెస్ నుంచి మరోదానికి మారే కోడ్ దగ్గర, చదివేవాళ్లకు ఇది అర్థం కానక్కర్లేదన్న వ్యాఖ్య ప్రసిద్ధం. అసలు చిక్కు తమకూ అర్థం కాకపోవడమేనని యూనిక్స్ రూపకర్తల్లో ఒకడైన డెనిస్ రిచీ తర్వాత ఒప్పుకున్నాడు. ఆ కోడ్ ఒక ఫంక్షన్‌లో దాచిన ఫ్రేమ్ మీదికి మరో ఫంక్షన్ నుంచి రిటర్న్ అయ్యేది. పీడీపీ-11 యంత్రపు కంపైలర్ ప్రతి ఫంక్షన్‌లోనూ రిజిస్టర్లను ఒకే తీరున దాచేది కనుక అది నడిచింది. తర్వాత యూనిక్స్‌ను తరలించిన ఇంటర్‌డేటా యంత్రపు కంపైలర్ అలా చేయలేదు, దాంతో గుట్టు బయటపడింది.

సెట్‌జంప్ మీద గట్టి ఆక్షేపణ లోకల్ వేరియబుల్స్ గురించి. సెట్‌జంప్ తర్వాత మార్చిన వేరియబుల్ ఆర్‌బీఎక్స్‌లో ఉంటే పాత విలువ తిరిగొస్తుంది, స్టాక్ మీద ఉంటే కొత్తదే నిలుస్తుంది. ఆప్టిమైజేషన్ స్థాయి మారితే ఫలితమే మారిపోవచ్చు. ఇది నిజమైన ఇబ్బందే, కాదనను. కానీ దాన్ని పూర్తిగా తొలగించాలంటే ఆ ఫంక్షన్‌లోని వేరియబుల్స్ అన్నిటినీ మెమరీలోనే ఉంచాలి. అవసరమైన ఒకటి రెండింటికి వోలటైల్ అని రాసుకోమన్న ప్రమాణమే నయం. దూకినప్పుడు మధ్యలో కేటాయించిన మెమరీ, తెరిచిన ఫైళ్లు అనాథలవుతాయన్నది రెండో ఫిర్యాదు. అదీ నిజమే, అయితే ఆ బాధ్యతను వేరేచోట పెట్టుకున్నవాళ్లు దీన్ని దశాబ్దాలుగా నిక్షేపంగా వాడుతున్నారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎర్రర్ల నిర్వహణ దీని రూపాంతరమైన సిగ్‌సెట్‌జంప్ మీదే నడుస్తుంది. ట్రాన్సాక్షన్ రద్దయితే దాని మెమరీ కాంటెక్స్ట్‌లు గంపగుత్తగా ఖాళీ అవుతాయి. సీగా కంపైల్ చేసిన లువా భాష కూడా ఎర్రర్లకు దీన్నే వాడుతుంది, అక్కడ ఆ పని గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది.

ఇక భద్రత సంగతి. దాచిన బఫర్‌లో తిరిగి వెళ్లాల్సిన చిరునామా బాహాటంగా పడి ఉంటే, దాన్ని దిద్దగలిగిన దొంగ ప్రోగ్రామ్‌ను తనకు కావలసిన చోటికి దూకించగలడు. అందుకే మరో సీ లైబ్రరీ జీలిబ్‌సీ ఆ చిరునామాను, స్టాక్ పాయింటర్‌ను, ఆర్‌బీపీని ఒక రహస్య సంఖ్యతో ఎక్స్‌ఆర్ చేసి, 17 బిట్లు ఎడమకు తిప్పి మరీ దాచుతుంది. మసల్ మాత్రం వాటిని ఉన్నవున్నట్టే వదిలేస్తుంది.