ఒకే మాట, వేర్వేరు తూకాలు: ‘ఒథెల్లో’ నాటకంలో ‘హానెస్ట్’

ఇంగ్లీషు సాహిత్యం చదివేటప్పుడు తెలియని మాట ఎదురైతే మీరు నిఘంటువు తీస్తారు. తెలిసిన మాట ఎదురైతే తీయరు. చాలాసార్లు మనల్ని దారి తప్పించేది ఆ తెలిసిన మాటే. ‘హానెస్ట్’ అంటే ‘నిజాయితీ గల’ అని హైస్కూలులోనే నేర్చుకున్నాం. ఆ ఒక్క అర్థంతో షేక్‌స్పియర్ రాసిన ‘ఒథెల్లో’ చదివితే కథ అర్థమవుతుంది కానీ, విషాదం ఎక్కడ పుట్టిందో అర్థం కాదు. ఈ భాగంలో ఆ ఒక్క మాటను పట్టుకుని నాటకమంతా నడుద్దాం.

కథను ఒకసారి గుర్తు చేసుకోండి. వెనిస్ రాజ్యపు సేనాని ఒథెల్లో, సెనేటరు కూతురు డెస్డిమోనాను ఆమె తండ్రికి తెలియకుండా పెళ్లి చేసుకున్నాడు. లెఫ్టినెంట్ పదవిని కేసియోకు ఇచ్చాడు. అది తనకే రావాలనుకున్న ఇయాగో పగబట్టి, డెస్డిమోనాకు కేసియోతో సంబంధం ఉందని ఒథెల్లోను నమ్మించాడు. ఒథెల్లో భార్యను చంపాడు, నిజం తెలిశాక తనను తాను పొడుచుకున్నాడు. 1604 నవంబరు 1న లండన్‌లోని రాజభవనంలో ఈ నాటకం ప్రదర్శించినట్లు ఆధారం ఉంది. అచ్చయింది మాత్రం షేక్‌స్పియర్ మరణానంతరం, 1622లో.

మాటలోని పొరలు

విలియం ఎంప్సన్ అనే ఆంగ్ల విమర్శకుడు 1951లో వెలువరించిన ‘ద స్ట్రక్చర్ ఆఫ్ కాంప్లెక్స్ వర్డ్స్’ గ్రంథంలో ఒక అధ్యాయాన్ని ఈ నాటకంలోని ‘హానెస్ట్’కే కేటాయించాడు. ‘హానెస్ట్’, ‘హానెస్టీ’ కలిపి నాటకంలో 52 సార్లు వస్తాయని లెక్క చెప్పాడు. ఒక రచయిత ఒకే మాటను అన్నిసార్లు వాడితే అది యాదృచ్ఛికం కాదని మీరూ ఒప్పుకుంటారు.

షేక్‌స్పియర్ కాలంలో ఈ మాటకు కనీసం నాలుగు వాడుకలు ఉండేవి. మొదటిది ‘గౌరవనీయమైన’ అనే పాత అర్థం. లాటిన్ మూలంలో ‘హానర్’, ‘హానెస్ట్’ ఒకే ఇంటి మాటలు. రెండవది మనకు తెలిసిందే: అబద్ధమాడని, మోసం చేయని. మూడవది ముఖ్యంగా స్త్రీల విషయంలో వాడేది: పరపురుషుని ఎరుగని, పతివ్రత అయిన. నాలుగవది పైవాడు కిందివాణ్ణి మెచ్చుకునే ధోరణి. ‘పాపం, మంచివాడు, నమ్మకస్తుడు’ అని యజమాని తన దగ్గర పనిచేసేవాడి గురించి అంటాడు చూడండి, అటువంటిది.

ఇయాగో పేరు పక్కన

నాటకంలో ఇయాగోను ‘హానెస్ట్’ అనని ముఖ్యపాత్ర దాదాపు లేదు. ఒథెల్లో అంటాడు, కేసియో అంటాడు, డెస్డిమోనా కూడా అంటుంది. ప్రేక్షకులకు మొదటి దృశ్యం నుంచే ఇయాగో గుట్టు తెలుసు. కాబట్టి ఆ మాట వినిపించిన ప్రతిసారీ మనకు వ్యంగ్యం వినిపిస్తుంది. ఇది నాటకీయ వ్యంగ్యమని మీరు పరీక్షలో రాస్తారు. రాయండి, తప్పు కాదు. కానీ అక్కడితో ఆగకండి.

ఒథెల్లోను ఇతరులు ఏమంటారో గమనించండి. శూరుడంటారు, ఉదాత్తుడంటారు. ‘హానెస్ట్’ అన్న మెప్పు ఎక్కువగా ఇయాగోకే దక్కుతుంది. అతను పదవిలో కిందివాడు. పదవి ఇవ్వకుండా మంచివాడన్న పేరు మాత్రం ఇస్తున్నారు. ఆ మెప్పులోనే ఒక చిన్నచూపు ఉంది. ఎంప్సన్ చదువులో బలమైన అంశం ఇదే: తనను తక్కువ చేసే ఆ మాటనే ఇయాగో ఆయుధంగా మార్చుకుంటాడు. మొరటుగా, మొహమాటం లేకుండా మాట్లాడేవాడిగా కనిపిస్తాడు. అటువంటివాడు అబద్ధమాడడని లోకం నమ్మకం.

తక్కెడ తూగిన చోటు

ఇప్పుడు మూడవ అంకం మూడవ దృశ్యానికి రండి. కేసియో ‘హానెస్ట్’ కాదా అని ఒథెల్లో అడుగుతాడు. ఇయాగో జవాబు చెప్పడు. అదే మాటను ప్రశ్నగా తిరిగి అప్పజెబుతాడు. ఆ చిన్న విరామంలో అనుమానం మొలకెత్తుతుంది. కొంతసేపటికి ఒథెల్లో, తన భార్య ‘హానెస్ట్’ అనీ అనిపిస్తోంది, కాదనీ అనిపిస్తోంది, ఇయాగో మాట సరైనదనీ అనిపిస్తోంది, కాదనీ అనిపిస్తోంది అని కొట్టుమిట్టాడతాడు.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. ఇయాగో ‘హానెస్ట్’ అయితే, అంటే నిజం చెప్పేవాడైతే, డెస్డిమోనా ‘హానెస్ట్’ కాదు, అంటే పతివ్రత కాదు. ఒక తక్కెడలో రెండు సిబ్బెలు. రెండింటిలో ఉన్నది ఒకే మాట, అర్థాలు వేరు. ఒకటి లేస్తే రెండవది దిగక తప్పదు. తెలుగు అనువాదకుడు ఒకచోట ‘నిజాయితీ’ అనీ, ఇంకొకచోట ‘పాతివ్రత్యం’ అనీ రాస్తే అర్థం చేరుతుంది, తక్కెడ మాత్రం విరిగిపోతుంది. ఇది అనువాదకుడి లోపం కాదు. రెండు భాషలు మాటల అర్థాలను వేర్వేరు చోట్ల విభజించుకోవడం వల్ల వచ్చిన ఇబ్బంది.

ఎంప్సన్ చూపు ప్రధానంగా ఇయాగో మీద నిలుస్తుంది. మనం ఆ చూపును నాటకంలోని స్త్రీల వైపు తిప్పుదాం. డెస్డిమోనా విషయంలో ఆ మాటకు ఒకే అర్థం మిగిలింది: శరీరానికి సంబంధించినది. ఆమె నిజం చెబుతుందా అన్నది ఎవరికీ పట్టలేదు. విచిత్రమేమిటంటే, రెండవ అర్థంలో ఆమె ‘హానెస్ట్’గా నిలవదు. చేతిరుమాలు పోలేదని భర్త భయంతో అబద్ధం చెబుతుంది. ప్రాణం పోతున్నప్పుడు కూడా, ఇది ఎవరి పని అని ఎమీలియా అడిగితే, నేనే చేసుకున్నానని చెప్పి భర్తను కాపాడబోతుంది. ఆ అబద్ధాన్ని కూడా ఒథెల్లో ఆమె నేరాల జాబితాలో చేరుస్తాడు. అబద్ధమాడటం, శీలం తప్పటం రెండు వేర్వేరు సంగతులని అతనికి తోచదు. ఆ రెండింటినీ ఒకే మాటలో కట్టేసిన భాష కూడా అతన్ని ఆపలేకపోయింది.

ఇక ఎమీలియాను చూడండి. రుమాలు తీసి భర్తకిచ్చింది ఆమే. అడిగితే తెలియదని చెప్పిందీ ఆమే. నాలుగవ అంకం చివర, భర్తలు తప్పు చేస్తే లేని నేరం భార్యలకెందుకని వాదించిందీ ఆమే. అటువంటి స్త్రీ చివరి దృశ్యంలో, భర్త నోరు మూసుకోమన్నా వినక, కత్తికి బలవుతూ నిజం బయటపెడుతుంది. ఆమెను మెచ్చుకుంటూ ఆ మాట వాడేందుకు అక్కడ ఎవరికీ తీరిక లేదు. నా దృష్టిలో ఈ నాటకంలో ఆ మాటకు నిజంగా తగిన మనిషి ఆమే.

మన భాషలో

ఇదంతా నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు సంగతి అనుకోకండి. తెలుగులో ‘శీలం’ అనే మాట తీసుకోండి. దానికి స్వభావం, నడవడి అని అర్థం. దానశీలి, సహనశీలి అంటాం. పురుషుణ్ణి ‘శీలవంతుడు’ అంటే లంచం తీసుకోడని, మాట తప్పడని కూడా అనుకుంటాం. అదే ‘శీలవతి’ అనగానే అర్థం ఒక్క సంగతికి కుదించుకుపోతుంది. ‘శీలం పోయింది’ అన్న వాక్యంలో కర్త ఎవరో చెప్పనక్కరలేదు, వినేవారికి తెలిసిపోతుంది. ‘వాడు చెడిపోయాడు’, ‘అది చెడిపోయింది’ అన్న వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో తాగుడో, పేకాటో, చదువు మానడమో గుర్తొస్తుంది. రెండవదానిలో ఏమి గుర్తొస్తుందో మీకు తెలుసు.

నిఘంటువు ఈ తేడాను పూర్తిగా చెప్పలేదు. మాటకు అర్థాలెన్నో అది చెబుతుంది. ఏ అర్థం ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో వాడుకే నిర్ణయిస్తుంది. ఆ వాడుకను బయటపెట్టి మన ముందుంచడం సాహిత్యం చేసే పనుల్లో ఒకటి. ‘ఒథెల్లో’లో హత్యకు కారణం అసూయ అని మీరు చదివే ఉంటారు. దానికి ఇంకొక వాక్యం చేర్చుకోండి: ఒకే మాటతో పురుషుణ్ణి ఒక తూకంతోనూ, స్త్రీని మరొక తూకంతోనూ తూచే సమాజం ఆ అసూయకు దారి వేసింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మూడవ అంకం మూడవ దృశ్యాన్ని మళ్లీ చదివి, ‘హానెస్ట్’ వచ్చిన ప్రతిచోటా అర్థాన్ని మీ మాటల్లో రాసుకోండి. ఎక్కడైనా రెండు అర్థాలు ఒకేసారి పొసగుతున్నాయా?

2. స్త్రీకి, పురుషుడికి వేర్వేరుగా అర్థమిచ్చే తెలుగు మాటలు మూడు మీ ఇంటి సంభాషణల నుంచి ఎంచుకోండి. ఆ తేడా వల్ల ఎవరికి నష్టం కలుగుతోందో ఒక పేరాలో వివరించండి.