చీమల వెంట నడిచే చూపు

నా పిట్టల నోటుబుక్కులో మొదటి పేజీలు చిట్టా ఆవర్జాలా ఉంటాయి. తేదీ, చోటు, పేరు, పక్కన ఒక టిక్కు. పొద్దున్నే రెండు గంటలు తిరిగి ముప్పై పేర్లు దాటించానంటే ఆ పూట కాఫీ కూడా రుచిగా ఉండేది. ఆ అలవాటు మాన్పించిన పిట్ట మన వైపుది కాదు. కోస్టారికాలో కరీబియన్ వైపు పల్లపు అడవిలో, లా సెల్వా పరిశోధన కేంద్రం దగ్గర, ఒక మానుకు కరుచుకుని కనిపించింది.

చూడగానే 'వడ్రంగిపిట్ట' అని రాసేశాను. నిలువు మానును పట్టుకుని, తోకను ఊతంగా ఆనించి ఉంటే ఇంకేమనుకుంటాం? పక్కనున్న గైడు మాత్రం, "చెక్కిన చప్పుడు విన్నారా?" అనడిగాడు. వినలేదు.

అది నార్తర్న్ బార్డ్ వుడ్‌క్రీపర్. స్పానిష్‌లో వాళ్లు 'ట్రెపాడోర్' అంటారు, ఎక్కేది అని. జానెడుకు మించిన పొడవు, ఒళ్లంతా గోధుమరంగు, దాని మీద సన్నటి నల్లటి అడ్డచారలు. తోక ఈకల కాడలు గట్టిగా ఉండి కొసన వంపు తిరిగి బెరడుకు గుచ్చుకుంటాయి. వడ్రంగిపిట్టకు రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి ఉంటే దీనికి మూడు ముందు, ఒకటి వెనక. దాని ముక్కు ఉలి, దీని ముక్కు పట్టకారు. రెండింటికీ చుట్టరికం కూడా లేదు. ఇది మట్టితో పొయ్యిలాంటి గూళ్లు కట్టే పిట్టలున్న కుటుంబానిది. అయినా శాస్త్రనామంలోని 'డెండ్రోకొలాప్టెస్' అనే గ్రీకు మాటకు చెట్టును చెక్కేది అనే అర్థం. ఆ పేరు పెట్టిన పెద్దమనిషికీ నాలాగే వడ్రంగిపిట్ట గుర్తొచ్చినట్టుంది!

పేరు దిద్దుకుని కదలబోయాను. గైడు కదల్లేదు. పిట్టా కదల్లేదు. మనిషి ఎత్తుకు కాస్త పైన, మానుకు అతుక్కుని నేలకేసి చూస్తోంది. అప్పుడు వినిపించింది, ఎండుటాకుల మీద సన్నటి చినుకు పడుతున్నట్టు చప్పుడు. వాన కాదు, దండు చీమలు. లక్షల చీమలు విసనకర్రలా విచ్చుకుని కొన్ని మీటర్ల వెడల్పున నేలను జల్లెడ పడుతూ వస్తున్నాయి. ఆకుల కిందినుంచి బొద్దింకలు, మిడతలు, సాలీళ్లు ప్రాణాలరచేత పట్టుకుని బయటికి దూకుతున్నాయి. పిట్ట తటాలున కిందికి వాలి, ఒకదాన్ని ముక్కున పట్టుకుని మళ్లీ మానెక్కింది. దానికి చీమలతో పనిలేదు, చీమలు లేపిన వాటితోనే పని.

ఈ విద్య మనకు కొత్తది కాదు. గేదె వీపు మీద కూచుని, దాని కాళ్ల కింద లేచే పురుగును పట్టే ఏట్రింతను చిన్నప్పటినుంచీ చూస్తున్నాం. పసులపోలిగాడు అని ఇంకో పేరూ పెట్టుకున్నాం. అరక వెనక నడిచే కొంగలదీ ఇదే బతుకుతెరువు. అయితే గేదె సాయంత్రానికి కొట్టం చేరుతుంది, మర్నాడు ఎక్కడ దొరుకుతుందో ఏట్రింతకు తెలుసు. దండు చీమలకు ఇల్లే లేదు. ఒకదాన్నొకటి పట్టుకుని తమ ఒళ్లతోనే గూడు కడతాయి. మూడు వారాలు ఒకచోట ఉంటాయి, తర్వాత రెండు వారాలపాటు రోజూ మకాం మారుస్తాయి. వాటి మీద ఆధారపడ్డ పిట్టకు ఒక్క దండుతో సరిపోదు, నాలుగైదు దండ్లు తిరిగేంత అడవి కావాలి.

ఎడ్విన్ విల్లిస్ అనే శాస్త్రవేత్త 1960లలో పనామాలోని బారో కొలరాడో దీవిలో ఏళ్ల తరబడి ఈ చీమల వెంట నడిచాడు. దండు చుట్టూ పిట్టలు ఎక్కడ పడితే అక్కడ చేరవనీ, పురుగులు ఎక్కువ లేచే నడిమధ్య చోటు పెద్దవాటిదనీ, చిన్నవి అంచుల్లో ఏరుకుంటాయనీ రాసిపెట్టాడు. ఆ దీవి ఒకప్పుడు గుట్ట. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కడితే చుట్టూ నీళ్లు నిలిచి, పదిహేను చదరపు కిలోమీటర్ల దీవిగా మిగిలింది. చీమలు అక్కడే ఉన్నాయి. పూర్తిగా చీమల దండ్లనే నమ్ముకున్న ఆసిలేటెడ్ యాంట్‌బర్డ్ మాత్రం మెల్లగా తగ్గి, చివరికి ఆ దీవిలో లేకుండా పోయింది.

ఆ రోజు లా సెల్వాలో మేం గంటన్నర అక్కడే నిలబడ్డాం. దండు మా బూట్ల దాకా వస్తే రెండడుగులు వెనక్కి వేసేవాళ్లం. పిట్ట కూడా ఒక మాను నుంచి పక్క మానుకు జరిగేది. నోటుబుక్కులో ఆ పూటకి ఒక్కటే పేరు, అదీ కొట్టేసి రాసింది. దాని కింద మాత్రం రెండు పేజీలు నిండాయి.

ఇప్పుడు మా ఊరి చెరువుగట్టు మీద ఏట్రింత కనిపిస్తే టిక్కు పెట్టి వెళ్లిపోను. ముందు గేదె కాళ్లకేసి చూస్తాను.