సంతలో మచ్చుకత్తి కొనేటప్పుడు

సంతలో మచ్చుకత్తి కొనేవాళ్లు మొదట చూసేది మెరుపు. అమ్మేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే ఈమధ్య వస్తున్న కత్తుల్లో చాలావాటికి మిషన్ మీద పాలిష్ పెట్టిన రేకు, రంగు వేసిన పిడి ఉంటున్నాయి. వాటి పక్కనే గోనెపట్టా మీద, నల్లగా, సుత్తిదెబ్బల గుర్తులతో ఊరి కమ్మరి కొట్టిన కత్తి పడి ఉంటుంది. ధరలో రెండింటికీ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా పనిలో ఉంటుంది. నాలుగు కొబ్బరి మట్టలు నరికేసరికి ఏది ఎలాంటిదో తేలిపోతుంది గానీ, అప్పటికి డబ్బులు ఇచ్చేసి ఉంటాం. కొనకముందే తేల్చుకునే మార్గాలున్నాయి. వాటికి పెద్ద సామాను అక్కర్లేదు, కన్నూ చెయ్యీ, ఒక చిన్న ఆకురాయీ, ఇత్తడి కడ్డీ చాలు. కొన్ని వందల రూపాయల కత్తి దశాబ్దం పాటు పనిచేయగలదని నా నమ్మకం. దాన్ని ఎంచుకోవడం మాత్రం తెలియాలి.

ముందు ఉక్కు సంగతి. మన ఊళ్లలో మంచి కత్తి అంటే ఎక్కువగా లారీ కమాను పట్టీతో కొట్టినదే. లారీ బరువుకు వంగుతూ, మళ్లీ లేస్తూ ఏళ్ల తరబడి పనిచేయాలి కాబట్టి ఆ పట్టీని నూటికి 0.6 పాళ్లకు అటూ ఇటూగా కర్బనం ఉన్న ఉక్కుతో, సిలికానో క్రోమియమో కలిపి చేస్తారు. గేట్లకూ గ్రిల్స్‌కూ వాడే మెత్తని ఇనుములో కర్బనం సాధారణంగా పావు శాతం కూడా ఉండదు. దాన్ని ఎర్రగా కాల్చి ఎన్నిసార్లు ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత ఇనుము కొట్లలో కమాను పట్టీలు తూకానికి దొరుకుతాయి. ఇంత మంచి ఉక్కు ఇంత చవకగా దొరకబట్టే ఊరి కత్తి చవక. ఒక్క చిక్కుంది. విరిగిన పట్టీలో విరుపు దగ్గర కంటికి ఆనని పగుళ్లు ఉండొచ్చు. తెలిసిన పనివాడు ఆ ముక్కను పక్కన పడేస్తాడు.

ఉక్కు గురించి ఇంత మాట్లాడుకోవడం తెలుగు నేలకు కొత్తేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. ఆ పనిని కళ్లారా చూసిన హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి వర్ణన, ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. ఆ ఉక్కు నేటి మచ్చుకత్తిలో లేదు. ఉక్కును మంటలో చదివే నేర్పు మాత్రం కొలిముల్లో ఇప్పటికీ ఉంది.

ఆ నేర్పు పూర్తిగా కనిపించేది కత్తిని గట్టిపరిచేటప్పుడు. దాగలి మీద సమ్మెట దెబ్బలతో రూపం తెచ్చాక కత్తిని 800 డిగ్రీలు దాటేదాకా కాలుస్తారు. కొలిచే మీటరేమీ ఉండదు, రంగే కొలత. ఎండ పడితే ఎరుపు అసలుకన్నా మసకగా కనిపించి, అవసరానికి మించి కాల్చేస్తారు. కొలిమిలో వెలుతురు తక్కువగా ఉండటం మంచిదనేది అందుకే. తర్వాత వాదర వైపు రెండు వేళ్ల మేర మాత్రమే ముంచి తీస్తారు. కమాను ఉక్కు చన్నీళ్లలో ఒక్కసారిగా మునిగితే పగిలే ప్రమాదం ఉంది గనక జాగ్రత్తపరులు నూనె వాడతారు. అప్పటికి వాదర బాగా గట్టిపడి ఉంటుంది, అలాగే వదిలేస్తే చిట్లిపోతుంది. వెన్నులో మాత్రం కాక ఇంకా ఉంటుంది. వాదరను ఇటుక ముక్కతో గబగబా రుద్దితే తెల్లని లోహం బయటపడుతుంది. వెన్నులోని వేడి కిందికి పాకుతూంటే ఆ తెలుపు మీద రంగులు నడుస్తాయి. మొదట లేత వరిగడ్డి రంగు, తర్వాత ముదురు పసుపు, గోధుమ, ఊదా, చివరికి నీలం. గడ్డి రంగు వచ్చేది 220 డిగ్రీల దగ్గర, నీలం వచ్చేది 300 దగ్గర. ఏ రంగు దగ్గర కత్తిని పూర్తిగా ముంచి ఆపాలన్నదే పనివాడి తీర్పు. క్షణం ఆలస్యమైతే రంగు దాటిపోతుంది.

ఆ తీర్పు కత్తి చేసే పనిని బట్టి ఉంటుంది. గీత కార్మికుడు తాటి గెల కొసను రోజూ పల్చగా చెక్కాలి. వాదర మొండిదైతే గెల నలిగి కల్లు సరిగా దిగదు. ఆ కత్తి గట్టిగా ఉండాలి, దెబ్బలు తినే పని దానికి లేదు. తుమ్మ కొమ్మల్ని నరికే మచ్చుకత్తికి అంత గట్టిదనం పెడితే వాదర పెచ్చులూడిపోతుంది. దాన్ని కాస్త మెత్తగా దించాలి. కాబట్టి కొలిమి దగ్గర కొనేటప్పుడు ఏ పనికో ముందే చెప్పాలి. ఏ పనికని ఎదురు అడిగే కమ్మరి దొరికితే వదులుకోవద్దు.

సంతలో కొనేటప్పుడు ఆ రంగులు చూసే వీలుండదు. అక్కడ చిన్న ఆకురాయి పనికొస్తుంది. అమ్మేవాళ్లను అడిగి వెన్ను మీద ఒకసారి, వాదర పక్కన ఒకసారి మెల్లగా రుద్దండి. వెన్ను మీద ఆకురాయి కరవాలి. వాదర మీద జారుతూ, కష్టంగా పట్టాలి. రెండు చోట్లా సులువుగా కరిస్తే అది మెత్తని ఇనుము, లేదా సరిగా కాల్చని ఉక్కు. రెండు చోట్లా గాజు మీద జారినట్టు జారితే ఆ కత్తి దెబ్బకు విరగొచ్చు. తర్వాత వాదరను ఇత్తడి కడ్డీ మీద ఏటవాలుగా ఆనించి కొద్దిగా నొక్కండి. మంచి వాదర సన్నగా వంగి, వదలగానే యథాస్థితికి వస్తుంది. వంగినచోటే ఉండిపోతే మెత్తన, పెచ్చు లేస్తే పెళుసు. మెరిసే కత్తుల్లో ఇంకో లోపం చూడాలి. గ్రైండర్ మీద తొందరగా అరగదీసినప్పుడు వాదర నీలం తిరుగుతుంది. అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. పైపాలిష్‌తో ఆ నీలాన్ని చెరిపేయొచ్చు, పోయిన గట్టిదనాన్ని తేలేరు.

పగులు అనుమానం ఉంటే కిరసనాయిలు రాసి కాసేపు ఉంచి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే అందులో దిగిన నూనె మెల్లగా పైకి ఊరి, సుద్ద మీద సన్నని తడిగీత పడుతుంది. ఇది సంతలో కుదరదు, ఇంటికెళ్లి చేసుకోవాలి. అందుకే తెలిసినవాళ్ల దగ్గర కొనడం మేలు.

వెన్ను మందం చూసి మోసపోవద్దు. నరికే కత్తికి వెన్ను ఐదారు మిల్లీమీటర్లున్నా, అక్కడి నుంచి వాదరదాకా ఏకధాటిగా పల్చబడాలి. చివర్లో మాత్రమే చెక్కి పదును పెట్టిన కత్తి కొమ్మను కొయ్యదు, చీలుస్తుంది. మొన నుంచి కంటికి ఎదురుగా పట్టుకుంటే వంకరా, మందమూ రెండూ తెలుస్తాయి.

పిడి దగ్గర పని మోటుగా ఉన్నా ఫర్వాలేదు, బిగువు ఉండాలి. పిడిలోకి దిగే ఇనుప తోక పొట్టిగా ఉంటే ఎంత మంచి ఉక్కైనా దండగే. కాల్చి దిగగొట్టిన తోక చుట్టూ కర్ర చీలకుండా పొన్ను బిగించి ఉందో లేదో చూడండి. రేకును పట్టుకుని పిడిని మెలితిప్పితే ఏ కాస్తా కదలకూడదు.

చవక కత్తి మంచిదవడానికి మన కొలిమి ఒక్కటే దారి కాదు. స్వీడన్‌లోని మోరా అనే ఊరి కత్తులు ప్రపంచమంతా వడ్రంగులు, వేటగాళ్లు, సైనికులు వాడతారు. అక్కడ ఫ్రాస్ట్-ఎరిక్ ఎర్సన్ 1891లో మొదలుపెట్టిన కార్ఖానా నేటి మోరాక్నివ్ కంపెనీకి ఒక మూలం. వాళ్ల మామూలు రకాలకు ప్లాస్టిక్ పిడి, ప్లాస్టిక్ ఒర, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల రేకు. ఉక్కులో, దాన్ని గట్టిపరచడంలో మాత్రం పైసా తగ్గించరు. మన కమ్మరి సుత్తి మచ్చల్ని అరగదీయకుండా వదిలేసేదీ ఇదే లెక్కతో. డబ్బు ఎక్కడ మిగుల్చుకున్నారన్నది చూస్తే చవక కత్తి గుణం సగం తెలిసిపోతుంది.

ధర గురించి ఒక మాట. ఒకప్పుడు రైతులు కళ్లం దగ్గరే కమ్మరికి ధాన్యంగా మేర ఇచ్చేవారు. బదులుగా ఏడాది పొడుగునా కర్రూ కొడవలీ కత్తీ బాగుచేయించుకునేవారు. అంటే బాగుచేత కూడా ఆ ధరలోనే ఉండేది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో కమ్మరులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం ఉంది. అది మంచిదే. కానీ కొలిమి ఆరిపోకుండా ఉండాలంటే కావలసింది బేరమాడకుండా కొనేవాళ్లు. అరిగిన కత్తిని కమ్మరి మళ్లీ కాల్చి, వాదరను సాగగొట్టి, కొత్తగా గట్టిపరిచి ఇవ్వగలరు. మిషన్ కత్తి అమ్మేవాళ్ల దగ్గర ఆ సదుపాయం లేదు. కాబట్టి కొనేటప్పుడే, అరిగాక తెస్తే మళ్లీ సాగగొట్టి ఇస్తారా అని అడగండి. సరేనంటే యాభయ్యో వందో ఎక్కువైనా అక్కడే కొనండి.