మోకాళ్ల లెక్క

డిసెంబరులో గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్తుంటే తారు రోడ్డు సగం ధాన్యానిదే. ఒక పక్క బరకాల మీద ఆరబోసిన గింజ, ఇంకో పక్క హారన్ కొట్టుకుంటూ మనం. మా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. కోసిన పైరు పనల మీద ఆరి, కుప్పపడి, సంక్రాంతి అటూ ఇటూగా నూర్పిడికి వచ్చేది. తొందరేమీ లేకుండా గింజ కుప్పలోనే ఆరేది. ఇప్పుడు పొద్దున కోత మిషను చేలో దిగితే మధ్యాహ్నానికి ధాన్యం ట్రాక్టరెక్కుతుంది. చాలాసార్లు తేమ 20 శాతం పైమాటే. ప్రభుత్వం కొనేది 17 శాతం దాకా. ఆ తేడా రోడ్డు మీద తీరాలి.

తీరుతుంది గానీ ఒక్కలా తీరదు. పైనున్న గింజ పెళపెళలాడుతుంటే అడుగున ఉన్నది చల్లగా తగులుతుంది. రాత్రి మంచుకి చెమ్మగిల్లి పొద్దున మళ్లీ ఎండిన గింజకి లోపల పగులొస్తుంది. పైకి ఏమీ తెలియదు. పొట్టు వలిచి దీపానికి అడ్డం పెడితే నడుము దగ్గర వెంట్రుకంత గీత కనిపిస్తుంది. మిల్లులో రబ్బర్ల మధ్య పడగానే సరిగ్గా అక్కడే రెండవుతుంది. అదే నూక.

గుడివాడ దగ్గర ఓ రైస్ మిల్లులో తొమ్మిదేళ్లు మేనేజరుగా చేశాను. చేరేనాటికి ఆ మిల్లుకి పెద్ద రోగం నూకే. సర్కారు ధాన్యం మర పట్టి ఇచ్చేటప్పుడు క్వింటాలుకి 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి, అందులో నూక 25 శాతం మించకూడదు. అదీ అప్పటి లెక్క. మించితే లారీ తిరిగొచ్చేది. తిరిగొచ్చిన లారీ ముందు నిలబడ్డ ఓనరు మొహం నేను వర్ణించను.

మందు నాకు తెలుసనుకున్నాను. వచ్చిన ధాన్యాన్ని తేమ మిషను పెట్టి చూసి విడగొట్టాలి. పొడిది ముందు గోడౌనులో, తడిది వెనక గోడౌనులో. దేనికది ఆడించాలి. చెప్పుకోడానికి ఇంత తేలికైన పని ఇంకోటి లేదు. బోర్డు పెట్టించాను. గోడ మీద ‘నాణ్యతే మన ధ్యేయం’ అని అడుగెత్తు నీలం అక్షరాలు రాయించాను. అందర్నీ నిలబెట్టి అరగంట మాట్లాడాను. అందరూ తలూపారు. ఆ తల ఊపడం విన్నామని చెప్పడానికేనని, ఒప్పుకున్నట్టు కాదని నాకు అప్పటికి తెలియదు.

మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఓనరు మా ఇంటికి బందరు లడ్డు పంపించాడు. తర్వాత ఓ పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చి చూద్దును కదా, తడి బస్తాలు పొడి బస్తాల నెత్తినెక్కి కూర్చున్నాయి. కేకలేశాను. రెండు రోజులు సర్దుకుంది, మళ్లీ మామూలే. బస్తాలు మోసే ముఠావాళ్ల కూలిలో కోత పెడతానని కూడా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. మనవాళ్లతో ఏదీ కాదని పక్క మిల్లు మేనేజరుతో టీ తాగుతూ తీర్పు కూడా ఇచ్చేశాను.

ఓ రోజు ముఠా మేస్త్రీ కాటా దగ్గర నన్ను ఆపాడు. యాభై దాటిన మనిషి. భుజం మీద గోనె మడత ఎప్పుడూ ఉండేది.

“మేనేజరు గారూ, బస్తాకి కూలి ముందు గోడౌనుకైనా వెనక గోడౌనుకైనా ఒకటేగదండీ?”

“అవును.”

“వెనకదానికి నూటిరవై అడుగులు ఎక్కువండి. కొలిచాను. డెబ్బై అయిదు కిలోల బస్తా. మీ నూక లెక్క మీరు చూసుకుంటున్నారు. మా మోకాళ్ల లెక్క ఎవరు చూస్తారండీ?”

ఆ నూటిరవై అడుగులు నేనూ రోజూ నడిచేవాణ్నే, చేతిలో మహా అయితే తేమ మిషను.

కూలి పెంచమంటాడనుకున్నాను. “వెనక గేటు తాళం తీయించండి” అన్నాడు. తడి ధాన్యం లారీని కాటా వేశాక కాలవగట్టు దారిన వెనక్కి తిప్పి పెడితే బస్తా నడిచేది ఇరవై అడుగులే. ఆ గేటు ఎందుకు మూశారో ఎవరికీ గుర్తులేదు, ఎప్పుడో దొంగతనం జరిగిందని ఒకరన్నారు. తాళం పగలగొట్టి, గుంటల్లో రెండు ట్రాక్టర్ల రబ్బీసు తోలించాం. ఒక పూట పని. నూక మళ్లీ తగ్గింది. ఈసారి నేను ఊళ్లో లేకపోయినా పెరగలేదు.

మిల్లులో యంత్రాలు చూసే మనిషిని డ్రైవరనే అంటాం. ఆయనది వేరే కథ. రబ్బర్లు రెండూ ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకటి జోరుగా, ఒకటి నిదానంగా. ఆ తేడాకే పొట్టు ఊడుతుంది. జోరుగా తిరిగేది ముందు అరుగుతుంది. అది అరిగి చిన్నదైతే తేడా తగ్గి గింజ సరిగా ఒలవదు. అప్పుడు తెలియనివాడు చేసే పని, ఇంకాస్త బిగించడం. బిగిస్తే ఒలుస్తుంది, నూకా పడుతుంది. చేయాల్సింది ఆ రెంటినీ దీని చోట దాన్ని, దాని చోట దీన్ని మార్చడం. అయినా నూరు గింజల్లో పది ఒలవకుండా పోతే కొంప మునగదు, వేరుపడి మళ్లీ పైకొస్తాయి. నూటికి నూరూ ఒక్క దెబ్బకి ఒలవాలన్న ఆశతోనే సగం నూక పుడుతుంది.

ఇదంతా మా డ్రైవరుకి చెవుల్లో ఉండేది. మర చప్పుడు వినేవాడు. నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి, ఒకటి పంటికింద కొరికి, రబ్బర్లు బిగించే చక్రం పావు చుట్టు తిప్పేవాడు. ఆయన డ్యూటీలో లేని రాత్రి నూక పెరిగేది.

ఎప్పుడు ఏం మార్చారో రాయమని పుస్తకం ఇచ్చాను. నెల తర్వాత చూస్తే తెల్లగానే ఉంది. చదువు రాక కాదు, ఆయన పేపరు సినిమా పేజీ దాకా వదలకుండా చదివేవాడు. కరెంటు పోయిన ఓ రాత్రి బయట మంచం మీద కూర్చుని చెప్పాడు: “రాసిచ్చేస్తే ఇంక నాతో పనేముంటది బాబూ? సగం జీతానికి ఓ కుర్రాణ్ని పెట్టుకుంటారు.” ఓనరు మనసులో ఆ లెక్క ఉందని నాకూ తెలుసు. అందుకే కాదనలేకపోయాను.

మూడు రోజులు ఓనరుతో వాదించాను. కుర్రాళ్లకి పని నేర్పినందుకు నెలకింత అని జీతంలో కలిపించాను. ఆయన్ని తీసే ప్రసక్తి లేదని పదిమంది ముందు ఓనరు నోట అనిపించాను. డ్రైవరు అప్పటికీ పుస్తకం ముట్టలేదు. పక్కనున్న ఇనప స్తంభం మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టడం మొదలెట్టాడు. రబ్బర్లు మారిస్తే అడ్డగీత, బిగిస్తే చుక్క. కుర్రాళ్లకి వెంటనే అర్థమైంది. నాకు వారం పట్టింది.

పెడనలో కలంకారీ అద్దకం చూసినప్పుడల్లా మా మిల్లు గుర్తొస్తుంది. కరక్కాయ పట్టించి ఆరేసిన గుడ్డ మీద పటిక అద్దిన చోట ఎరుపు అప్పుడే కనపడదు, ఉతికి, రంగు చెక్కతో ఉడకబెట్టాకే తేలుతుంది. అచ్చు వేసిన చెయ్యి ఎక్కడ తేలిపోయిందో ఆ కాగులోంచి గుడ్డ తీయగానే చూపించేస్తుంది. అద్దినవాడు అక్కడే ఉంటాడు కాబట్టి ఎవరూ కేకలేయక్కర్లేదు. మా ముఠావాళ్లు పొద్దున కలిపిన బస్తాల ఫలితం మర్నాడు, వేరే గదిలో, గుమాస్తా చేటలో కనిపించేది. దాన్ని వాళ్లకి ఎవరూ చూపించలేదు, కోపం మాత్రం చూపించాం. ఆ తర్వాత ఆ నూకని ఓ గిన్నెలో పోయించి కాటా పక్కన బల్ల మీద పెట్టించాను. మేస్త్రీ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అందులో వేళ్లు పెట్టి చూసేవాడు.

పుస్తకాలు ఆలస్యంగా చదివాను. 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఫ్యాక్టరీ పెద్దలకి నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికన్ డెమింగ్, 14 సూత్రాలు చెప్పాడు. పనిచేసే చోట భయం పోగొట్టమన్నది ఒకటి, గోడల మీద నినాదాలు తీసేయమన్నది ఒకటి. ఈ రెండోది చదువుతుంటే నవ్వొచ్చింది. మా నీలం అక్షరాల ముందు అప్పటికే గోనెల కట్టలు పేర్చేశారు. ‘నా’ ఒక్కటే పైకి కనిపించేది.

జపాన్‌లో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిల్ మన దేశంలోకి వచ్చింది తెలుగు నేల మీదకే. 1980లో హైదరాబాదు రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఎస్.ఆర్. ఉడ్పా పూనుకుని పెట్టించాడు. ఆయన చొరవతోనే 1982లో సికింద్రాబాదులో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా పుట్టింది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది ఇష్టపడి చేరి, వారానికి ఓ గంట కూర్చుని, తమ పనిలో చిక్కేదో తామే ఎంచుకుని విప్పుకోవడం దాని పద్ధతి. తర్వాత తర్వాత నేను చూసిన చాలా చోట్ల దాన్ని ఫొటో, సర్టిఫికెట్, సమోసా చేసేశారు. చిక్కు ఏదో పైవాడే రాసిచ్చి, కింద సంతకాలు పెట్టించుకుంటాడు. మా మిల్లులో చిక్కుల జాబితా నేను రాసుంటే అందులో మోకాళ్లు ఉండేవి కావు.

అన్నీ గెలిచానని కాదు. బస్తాలకి కొక్కేలు వేస్తే గోనె చిరిగి ధాన్యం కారిపోతుంది, అవి మానమని ఏళ్ల తరబడి బతిమాలాను. కొక్కెం లేకుండా ఓ పూట ఎత్తి చూపించి, మేస్త్రీ తన అరచేతులు నా ముందు తెరిచాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు. ధాన్యం కారుతూనే ఉంది, పిచికలకి పండగ.

కిందటి ఏడు అటు వెళ్తూ మిల్లు దగ్గర ఆగాను. మేస్త్రీ లేడు, డ్రైవరు లేడు. కొత్త మర వచ్చింది, సుద్ద గీతల స్తంభం తీసేశారు. వెనక గేటు మాత్రం బార్లా తీసి ఉంది. కొన్ని బస్తాల మూతికి ఎర్ర పురికొస కట్టి ఉంది. అది నా కాలంలో లేదు. తడివాటికి గుర్తట. ఎవరు పెట్టారు ఈ పద్ధతి అని అక్కడున్న కుర్రాణ్ని అడిగాను. నా పేరో, కనీసం మేస్త్రీ పేరో వినపడుతుందని ఆశ.

“ఎప్పట్నుంచో ఇంతేగదండీ” అన్నాడు. “కొంచెం పక్కకి జరగండి, లారీ వెనక్కొస్తంది.”